వోల్టేజీని ఎవరు పట్టుకోవాలి? సోలార్ గ్రిడ్‌కి ఉన్న దారులు, ఏది ఎక్కడ

చాలా ఏళ్ళు సబ్‌స్టేషన్ షిఫ్టుల్లో పనిచేశాను. మొదటి పదేళ్ళూ వోల్టేజీ అంటే మాకు ఒకటే బాధ, సరిపోకపోవడం. ఎండాకాలంలో వ్యవసాయ మోటార్లన్నీ ఒకేసారి లేచేవి, 132 కేవీ బస్ (సబ్‌స్టేషన్‌లో లైన్లన్నీ వచ్చి కలిసే కమ్మీ) 122 దగ్గరికి జారేది, కెపాసిటర్ బ్యాంక్ వేసి ఊపిరి పీల్చుకునేవాళ్ళం. ఇప్పుడు అదే కుర్చీలో కూర్చునే పిల్లల టెన్షన్ వేరు. పొద్దెక్కే కొద్దీ సోలార్ పార్కు పక్క బస్‌లో వోల్టేజీ ఎగబాకుతుంది. మబ్బు పడితే జారుతుంది. సాయంత్రం ఆరింటికి సోలార్ దిగిపోయి లోడు మీద పడితే ఇంకా జారుతుంది. అర్ధరాత్రి లైన్లు ఖాళీగా ఉంటే 400 కేవీ బస్ మళ్ళీ 420 దాటుతానంటుంది. ఒకే రోజులో జ్వరమూ చలీ రెండూ.

వాళ్ళు నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "సార్, స్టాట్‌కామ్ పెట్టిస్తే సరిపోతుందా? సింక్రనస్ కండెన్సర్ మంచిదా? బ్యాటరీలు ఎలాగూ వస్తున్నాయి కదా, అవన్నీ ఎందుకు?" మొదటి రెండూ వోల్టేజీని నిలబెట్టే ఖరీదైన యంత్రాలు, వాటి సంగతి కింద వస్తుంది. నేను చెప్పేది రెండు ముక్కలు. ముందు జబ్బు ఏదో తేల్చుకోండి. తర్వాత, కొత్తది కొనేముందు, ఇప్పటికే కొని పెట్టుకున్న ఇన్వర్టర్ల (సోలార్ డీసీ కరెంటుని గ్రిడ్ ఏసీగా మార్చే పెట్టెల) చేత పని చేయించుకోండి. ఈ రెండూ వదిలేసి పరికరాలు పోల్చి చూస్తే కోట్లు పోసి తప్పు మందు కొన్నట్టే అవుతుంది.

ముందు జబ్బు పేరు

వోల్టేజీ జబ్బులు మూడు రకాలు. మొదటిది నెమ్మదిగా వచ్చేది. గంటల లెక్కన వోల్టేజీ పైకో కిందికో పోతుంది. 400 కేవీ బస్ 380కీ 420కీ మధ్య, 220 కేవీ బస్ 198కీ 245కీ మధ్య ఉండాలని మన గ్రిడ్ కోడ్ చెబుతుంది. ఆ గీత దాటడమే ఈ జబ్బు. రెండోది క్షణాల్లో వచ్చేది. ఎక్కడో పిడుగు పడి లైన్ ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్) అయితే వోల్టేజీ సగానికి పడి, పదో వంతు సెకనులో ఫాల్ట్ పోయినా తిరిగి లేవడానికి మొరాయిస్తుంది. మూడోది పైకి కనపడని బలహీనత. మీటర్ల మీద అంతా బాగానే ఉంటుంది. చిన్న కదలిక వస్తే చాలు, ఇన్వర్టర్ల కంట్రోళ్ళు ఊగడం మొదలుపెడతాయి. ఆ ఊగిసలాట పెరిగి వందల మెగావాట్లు ఒక్కసారి ట్రిప్ అవుతాయి.

ఈ మూడో జబ్బు ఎందుకు వస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. థర్మల్, హైడ్రో కేంద్రాల్లో తిరిగే జనరేటర్ ఉంటుంది. బయట వోల్టేజీ పడిపోగానే ఎవరూ చెప్పకుండానే అది తన మామూలు కరెంటుకి నాలుగైదు రెట్లు కుమ్మరిస్తుంది. అది దాని అయస్కాంత క్షేత్రం స్వభావం. సోలార్, బ్యాటరీ, ఇప్పటి గాలిమరలు గ్రిడ్‌కి ఇన్వర్టర్ ద్వారా వస్తాయి. ఇన్వర్టర్‌లో ట్రాన్సిస్టర్లు మామూలు కరెంటుకి ఒకటింబావు రెట్లు దాటి ఇవ్వలేవు, ఇస్తే కాలిపోతాయి. పైగా మామూలు ఇన్వర్టర్ తనంతట తాను వోల్టేజీ తయారు చేయదు. గ్రిడ్ వోల్టేజీ ఎలా ఉందో కొలిచి, దాని అడుగులో అడుగు వేసి కరెంటు పంపుతుంది. బుర్రకథ చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. జనరేటర్ కథకుడు, ఇన్వర్టర్ వంత. కథకుడి గొంతు గట్టిగా ఉన్నంతసేపు ఎంతమంది వంతలైనా తాళం తప్పకుండా పాడతారు. కథకుడి గొంతు వినపడకపోతే వంతలు ఒకరినొకరు విని పాడబోయి పాట చెదిరిపోతుంది.

ఆ గొంతు ఎంత గట్టిదో కొలిచే లెక్క ఒకటుంది, షార్ట్ సర్క్యూట్ రేషియో. ఆ బస్ ఫాల్ట్ లెవెల్‌ని అక్కడ కలిసిన ఇన్వర్టర్ల మెగావాట్లతో భాగించాలి. ఫాల్ట్ లెవెల్ అంటే ఆ చోట షార్ట్ సర్క్యూట్ అయితే గ్రిడ్ ఎంత కుమ్మరించగలదో చెప్పే అంకె, ఎంవీఏల్లో చెబుతారు. ఫాల్ట్ లెవెల్ 6,000 ఎంవీఏ ఉన్న చోట 1,000 మెగావాట్ల పార్కు కలిస్తే 6, హాయిగా ఉంటుంది. అక్కడే ఇంకో 1,000 మెగావాట్లు కలిపితే 3. ఇక్కడి నుంచి జాగ్రత్త పడాలి. ఒక లైన్ షట్‌డౌన్‌లో ఉండి ఫాల్ట్ లెవెల్ 4,000కి పడిందనుకోండి, అది 2 అవుతుంది. పార్కు అనుమతి కాగితాల్లో అన్ని లైన్లూ సర్వీసులో ఉన్న లెక్క చూపించి సంతకాలు పెట్టించుకునే అలవాటు మనకుంది. ఆ లెక్క చూడకండి. ముఖ్యమైన లైన్ ఒకటి లేనప్పటి లెక్క అడగండి.

మొదటి దారి: చేతిలో ఉన్న ఇన్వర్టరే

దీని గురించే ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీన్నే అందరూ మర్చిపోతారు.

మన దేశంలో గ్రిడ్‌కి కలిసే సోలార్, విండ్ ప్లాంట్లకి పవర్ ఫ్యాక్టర్‌ని 0.95 లాగ్ నుంచి 0.95 లీడ్ దాకా మార్చగల సత్తా ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన. అంటే 100 మెగావాట్ల ప్లాంట్ దాదాపు 33 మెగావార్ల రియాక్టివ్ పవర్ ఇవ్వగలదు, లేదా మింగగలదు. రియాక్టివ్ పవర్ అంటే పని చేయకుండా లైన్లో అటూ ఇటూ ఊగే పవర్, మెగావార్లలో కొలుస్తారు. అది ఇస్తే వోల్టేజీ లేస్తుంది, మింగితే దిగుతుంది. మొత్తం పవర్‌లో పని చేసే వాటాయే పవర్ ఫ్యాక్టర్. కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ళ పక్కన ఉన్నలాంటి 1,000 మెగావాట్ల పార్కు అయితే లోపలి కేబుళ్ళు, ట్రాన్స్‌ఫార్మర్ల వాటా తీసేసినా ఒక పెద్ద స్టాట్‌కామ్ అంత సత్తా. అది ఇప్పటికే కొనేశాం. కానీ ఎన్ని ప్లాంట్లు దాన్ని వాడుతున్నాయి? చాలాచోట్ల ఇన్వర్టర్లని స్థిరమైన పవర్ ఫ్యాక్టర్ మీద పెట్టి వదిలేస్తారు. మెగావాట్ల మీదే బిల్లు వస్తుంది కాబట్టి మెగావార్ల సంగతి ఎవరికీ పట్టదు.

ఇలా వదిలేస్తే ఏమవుతుందో 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చూశాయి. మధ్యాహ్నం 12:33కి రెండు దేశాల గ్రిడ్డూ కూలిపోయింది. సోలార్ ఎక్కువై ఫ్రీక్వెన్సీ నిలవలేదని మొదట్లో చాలామంది అన్నారు. యూరప్ నిపుణుల బృందం తేల్చింది వేరు. వోల్టేజీ పెరిగి, పెరిగినందుకు ప్లాంట్లు ట్రిప్ అయి, ట్రిప్ అయినందుకు వోల్టేజీ ఇంకా పెరిగి గ్రిడ్ పోయింది. అక్కడి సోలార్, విండ్ ప్లాంట్లలో ఎక్కువ భాగం 2014 నాటి నిబంధన ప్రకారం స్థిరమైన పవర్ ఫ్యాక్టర్ మీద నడుస్తుండేవి. ఆ పద్ధతిలో ప్లాంట్ మింగే మెగావార్లు దాని మెగావాట్లకి ముడిపడి ఉంటాయి. వంద మెగావాట్లు తగ్గితే దాంతోపాటు వోల్టేజీని కిందికి పట్టుకున్న మెగావార్లూ తగ్గిపోతాయి. అదే సమయంలో లోడు తగ్గిన లైన్లు తమంతట తాము రియాక్టివ్ పవర్ పుట్టిస్తాయి. రెండూ కలిసి వోల్టేజీని పైకే తోస్తాయి. అంతకు ముందు అరగంటలో వచ్చిన ఊగిసలాటని ఆపడానికి ఆపరేటర్లు లైన్లు కలిపారు, ఎగుమతి తగ్గించారు. ఊగడం ఆగింది, వోల్టేజీ మాత్రం ఇంకొంచెం పెరిగింది. ఆ తర్వాత రెండు నెలల్లోపే, 2025 జూన్‌లో, సోలార్, విండ్ ప్లాంట్లు కూడా వోల్టేజీ నియంత్రణలో పాల్గొనేలా స్పెయిన్ నిబంధన మార్చుకుంది.

కాబట్టి మొదటి పని, ప్లాంట్‌ని వోల్టేజీ కంట్రోల్ మోడ్‌లోకి మార్చడం. బస్ వోల్టేజీ ఇంత ఉండాలని చెబితే అదే మెగావార్లు ఇస్తుంది, మింగుతుంది. ఖర్చు సాఫ్ట్‌వేర్ సెట్టింగ్, పరీక్షలు, నాలుగు ఉత్తరాలు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఒకే పూలింగ్ సబ్‌స్టేషన్‌కి ఐదారు ప్లాంట్లు కలిస్తే అందరికీ కొద్ది శాతం డ్రూప్ (వోల్టేజీ తేడాని బట్టి మెగావార్లు అందరూ పంచుకునేలా చేసే సడలింపు) పెట్టాలి. లేకపోతే ఒకడు పోస్తుంటే ఇంకొకడు తోడుతుంటాడు. రెండోది, ప్లాంట్ కంట్రోలర్ నుంచి ఇన్వర్టర్లకి ఆజ్ఞ చేరి పని జరగడానికి సెకన్లు పడుతుంది. క్షణాల జబ్బుకి అది చాలదు. ఫాల్ట్ సమయంలో ఇన్వర్టర్ తనంతట తానే రియాక్టివ్ కరెంటు ఇచ్చే సెట్టింగ్ వేరే ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

రాత్రిపూట కూడా చాలా ఇన్వర్టర్లు మెగావార్లు ఇవ్వగలవు. గ్రిడ్ నుంచి కాస్త కరెంటు తీసుకుని వోల్టేజీ పట్టుకుంటాయి. ఆ కాస్త కరెంటుకి డబ్బు ఎవరు కట్టాలన్న చోటే పని ఆగిపోతుంది. నన్నడిగితే ఆ డబ్బు గ్రిడ్డే కట్టాలి, కొత్త రియాక్టర్ (మెగావార్లు మింగే పెద్ద కాయిల్) కంటే అది చవక.

ఈ దారి ఎక్కడ పనికిరాదు? మూడో జబ్బుకి. వంతల గొంతు ఎంత సరిచేసినా కథకుడు లేని లోటు తీరదు. కొంత మేలు అవుతుంది, అంతే. 2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో హార్న్‌సీ సముద్ర విండ్ ఫారం 737 మెగావాట్లు ఒక్కసారిగా వదిలేసింది. ఎక్కడో లైన్ మీద పిడుగు పడితే దాని రియాక్టివ్ కంట్రోల్ ఊగిపోయింది. సాఫ్ట్‌వేర్ మార్చి సరిచేశారు. అలాంటివి సెట్టింగ్‌తో పోతాయి. ఫాల్ట్ లెవెల్ అసలే లేనిచోట పోవు.

కెపాసిటర్, రియాక్టర్

నెమ్మది జబ్బుకి ఇవే ఇప్పటికీ అన్నిటికన్నా చవకైన మందు. వోల్టేజీ తక్కువైతే కెపాసిటర్, ఎక్కువైతే రియాక్టర్. 400 కేవీ లైన్ ఖాళీగా ఉంటే కిలోమీటరుకి అర మెగావార్ పైనే పుట్టిస్తుంది. 200 కిలోమీటర్ల లైన్ అంటే వంద దాటుతుంది. రాత్రి దాన్ని మింగడానికి బస్ రియాక్టర్ కావాల్సిందే.

లోపం ఏమిటంటే, కెపాసిటర్ ఇచ్చేది వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ 90 శాతానికి పడితే అది ఇచ్చేది 81 శాతమే, సగానికి పడితే పావు వంతే. అవసరం ముదిరిన కొద్దీ చేయి ఎత్తేస్తుంది. ఒకసారి తీస్తే ఛార్జి దిగేదాకా కొన్ని నిమిషాలు మళ్ళీ వెయ్యకూడదు. మబ్బులు వస్తూ పోతూ ఉన్న రోజున బ్రేకర్‌తో కెపాసిటర్ వేస్తూ తీస్తూ కూర్చోలేం, బ్రేకర్ అరిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (చుట్ల నిష్పత్తి) మార్చడం కూడా ఈ కోవలోదే. అసలు మెగావార్లు లేని చోట ట్యాప్ ఎక్కించుకుంటూ పోతే కింది వోల్టేజీ నిలబెట్టడానికి పై వోల్టేజీని లాగేస్తుంది. అలా గ్రిడ్లు కూలాయి కూడా.

ఉమ్మడి రాష్ట్రంలో 2005లో ఉచిత కరెంటు కావాలంటే రైతు మోటారుకి కెపాసిటర్ బిగించుకోవాలని షరతు పెట్టారు, గుర్తుందా? చాలామంది దాన్ని పీడలా చూశారు. అది సరైన ఆలోచన. రియాక్టివ్ పవర్ దూరం ప్రయాణించదు, ఎక్కడ కావాలో అక్కడే పుట్టాలి. ఈ ఒక్క సూత్రం కింద చెప్పే ఖరీదైన యంత్రాలకి కూడా వర్తిస్తుంది.

స్టాట్‌కామ్

క్షణాల జబ్బుకి ఇది మంచి మందు. ఒకటి రెండు సైకిళ్ళలో, అంటే సెకనులో యాభయ్యో వంతు నుంచి పాతికో వంతు లోపల పూర్తి మెగావార్లు ఇస్తుంది, అంతే వేగంగా మింగుతుంది. వోల్టేజీ సగానికి పడినా సగం ఇస్తుంది, కెపాసిటర్‌లా పావుకి పడిపోదు. దీని అన్న ఎస్‌వీసీ (ఎలక్ట్రానిక్ స్విచ్చులతో నడిచే కెపాసిటర్, రియాక్టర్ల జట్టు) కూడా వేగమైనదే కానీ కెపాసిటర్ గుణం వదలదు, పడిపోయిన వోల్టేజీలో బలం తగ్గుతుంది. కొత్తగా కొంటుంటే ఈ రెండిట్లో నేను స్టాట్‌కామే తీసుకుంటాను. మన ఎన్.పి.కుంట సోలార్ పార్కు సబ్‌స్టేషన్‌లో ఉన్నది ఇదే.

కానీ ఒక సంగతి అమ్మేవాళ్ళు గట్టిగా చెప్పరు. స్టాట్‌కామ్ కూడా ఇన్వర్టరే. అది కూడా వంత పాడేదే. ఫాల్ట్ లెవెల్ పెంచదు. బలహీనమైన బస్‌లో పది ప్లాంట్ల కంట్రోళ్ళు ఊగుతుంటే పదకొండో కంట్రోల్‌ని తెచ్చి పెట్టినట్టు కూడా కావచ్చు. షార్ట్ సర్క్యూట్ రేషియో 2 ఉన్నచోట స్టాట్‌కామ్ ప్రతిపాదన వస్తే, ఆ ప్లాంట్ల అసలు కంట్రోల్ మోడళ్ళతో, మైక్రో సెకన్ల లెక్కన కంప్యూటర్‌లో చేసే ఈఎంటీ (ఎలక్ట్రోమాగ్నెటిక్ ట్రాన్సియెంట్) స్టడీ అయ్యాకే సంతకం పెట్టండి. మామూలు లోడ్ ఫ్లో స్టడీలో ఈ ఊగడం కనపడదు.

సింక్రనస్ కండెన్సర్

ఇంధనం లేని జనరేటర్ అనుకోండి. టర్బైన్ ఉండదు. గ్రిడ్ కరెంటుతోనే ఖాళీగా తిరుగుతుంది, ఫీల్డ్ (రోటర్ అయస్కాంత బలం) పెంచితే మెగావార్లు ఇస్తుంది, తగ్గిస్తే మింగుతుంది. వందేళ్ళ నాటి పాత యంత్రం, మధ్యలో స్టాటిక్ పరికరాలు వచ్చాక మూల పడింది, ఇప్పుడు మళ్ళీ పీట వేసి కూర్చోబెడుతున్నారు. కారణం ఒకటే. ఇది కథకుడు. ఫాల్ట్ కరెంటు ఇస్తుంది, ఫాల్ట్ లెవెల్ పెంచుతుంది, తిరిగే బరువుతో ఫ్రీక్వెన్సీకి కూడా ఆసరా ఇస్తుంది. ఫ్లైవీల్ తగిలిస్తే ఆ ఆసరా ఇంకా ఎక్కువ. ఐర్లాండ్‌లో మనీపాయింట్ బొగ్గు కేంద్రం ఆవరణలో 2022లో 130 టన్నుల ఫ్లైవీల్‌తో ఒకటి పెట్టారు.

దక్షిణ ఆస్ట్రేలియా కథ ఈ విషయంలో చాలా నేర్పుతుంది. 2016 సెప్టెంబర్ 28న తుఫాను గాలికి టవర్లు కూలి, రెండు నిమిషాల్లో ఆరుసార్లు వోల్టేజీ పడింది. తొమ్మిది విండ్ ఫారాలు ఏడు సెకన్లలోపు 456 మెగావాట్లు తగ్గించేశాయి. వరసగా ఇన్నిసార్లు వోల్టేజీ పడితే తట్టుకోవడం ఆపేయమని వాటిలో ఒక సెట్టింగ్ ఉంది, అది గ్రిడ్ నడిపేవాళ్ళకి తెలియదు. పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైన్ మీద భారం పడి ట్రిప్ అయింది, రాష్ట్రమంతా చీకటి. వాళ్ళు ముందు ఆ సెట్టింగ్ మార్పించారు. ఆ తర్వాత 2021కి డావెన్‌పోర్ట్‌లో రెండు, రాబర్ట్స్‌టౌన్‌లో రెండు కండెన్సర్లు పెట్టారు. అంతకు ముందు గ్రిడ్ బలం కోసమే కనీసం నాలుగు గ్యాస్ యూనిట్లు నడుపుతూ ఉండాల్సి వచ్చేది, కండెన్సర్లు వచ్చాక అది రెండుకి తగ్గింది. కండెన్సర్ ఖర్చు లెక్కించేటప్పుడు ఆగిన గ్యాస్ బిల్లుని కూడా పక్కన పెట్టి చూడాలి.

లోపాలు చెప్పాలి. తిరిగే యంత్రం కాబట్టి బేరింగులు, లూబ్ ఆయిల్, కూలింగ్, మనుషులు కావాలి. నష్టాలు స్టాట్‌కామ్ కంటే ఎక్కువ, అవి ఏడాది పొడవునా రాత్రింబవళ్ళు. ఫీల్డ్ మార్చి వోల్టేజీ సరిదిద్దే పని స్టాట్‌కామ్ అంత చురుగ్గా ఉండదు, మొదటి క్షణంలో దానంతటది ఇచ్చే కరెంటే దాని అసలు బలం. ఆర్డర్ పెట్టాక రావడానికి కూడా చాలాకాలం పడుతుంది.

కానీ కొత్తది కొనక్కర్లేని దారులు రెండు మన దగ్గరే ఉన్నాయి. ఒకటి హైడ్రో. శ్రీశైలం ఎడమ గట్టులో ఆరు 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు, నాగార్జున సాగర్‌లో ఏడు 100.8 మెగావాట్లవి ఉన్నాయి. ఈ జాతి యంత్రాల్లో రన్నర్ (టర్బైన్ చక్రం) చుట్టూ ఉన్న నీళ్ళని గాలి ఒత్తిడితో కిందికి నెట్టేస్తే యంత్రం గాలిలో తిరుగుతుంది, చుక్క నీరు వాడకుండా కండెన్సర్‌గా పనిచేస్తుంది. దానికి కంప్రెసర్లు, ఆ సరంజామా అంతా పని చేసే స్థితిలో ఉండాలి. నీళ్ళు లేవని యూనిట్ ఆపేశాం అనడం కాదు, నీళ్ళు లేకపోయినా అది చేయగల పని ఒకటుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో వచ్చిన పంప్డ్ స్టోరేజీ దగ్గరా ఇదే ప్రశ్న అడగాలి.

రెండోది మూతపడే థర్మల్ యూనిట్లు. జర్మనీలో బిబ్లిస్ అణు కేంద్రం ఆపేశాక, 2012లో దాని ఏ-యూనిట్ జనరేటర్‌ని టర్బైన్ నుంచి విడదీసి కండెన్సర్‌గా మార్చారు. కొత్తగూడెంలో పాత యూనిట్లు 2020 మార్చి నాటికి మూతపడ్డాయి, 2024లో కూలింగ్ టవర్లు నేల కూలుతున్న వీడియో చూసి మాలాంటివాళ్ళకి కళ్ళు చెమర్చాయి. ప్రతి పాత జనరేటరూ మార్చడానికి పనికిరాదు. వైండింగ్ వయసు, రోటర్ స్థితి, ఆ చోట గ్రిడ్‌కి బలం అవసరమా అన్నవి చూడాలి. కానీ తుక్కు వేలం ప్రకటన వెయ్యక ముందే ఆ పరీక్ష చేయించాలి.

గ్రిడ్ ఫార్మింగ్ బ్యాటరీ

ఇక్కడ ఇన్వర్టర్‌కే కథకుడి పాత్ర నేర్పుతారు. గ్రిడ్ వోల్టేజీని వెంబడించకుండా తానే ఒక వోల్టేజీ నిలబెట్టి, గ్రిడ్ కదిలితే దానికి ఎదురు నిలుస్తుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోనే హార్న్స్‌డేల్ బ్యాటరీ 2017లో 100 మెగావాట్లతో మొదలై, 2020లో 150కి పెరిగి, 2022లో ఈ తరహా పనికి అనుమతి పొందింది. నాకు నచ్చే విషయం, ఇది పగలు సోలార్ దాచి సాయంత్రం అమ్ముకుంటుంది, ఆ సంపాదన మీద వోల్టేజీ పని అదనం. కండెన్సర్‌కి ఆ సంపాదన లేదు. బలహీన గ్రిడ్‌లో దీని కంట్రోల్ స్థిరంగా ఉంటుంది. బలహీనత వల్ల వచ్చే ఊగిసలాట తగ్గించడంలో కండెన్సర్‌తో పోటీ పడుతుంది.

పోటీ పడలేనిది ఫాల్ట్ కరెంటులో. కథకుడి పాత్ర వేసినా ఒంట్లో ఉన్నవి అవే ట్రాన్సిస్టర్లు. కరెంటు పరిమితి తగలగానే ఎలా ప్రవర్తిస్తుందన్నది తయారీదారుని బట్టి మారుతుంది. మీ సమస్య రిలేలకి (ఫాల్ట్‌ని పసిగట్టి లైన్‌ని విడదీయించే పరికరాలకి) చాలినంత ఫాల్ట్ కరెంటు రాకపోవడం అయితే, బ్యాటరీని అవసరానికి మించిన సైజులో కొనాలి, లేదా కండెన్సర్ వైపు చూడాలి.

కొత్త లైన్ సంగతి రెండు మాటల్లో. ఫాల్ట్ లెవెల్ పెంచే గట్టి మందు అదే, ఎలాగూ పవర్ తీసుకెళ్ళడానికి కావాలి. టవర్ల కింద భూమి గొడవలు తీరి పూర్తయ్యేసరికి ఏళ్ళు. వస్తే మంచిదే, దాని కోసం కూర్చోలేం.

ఇంటి మీద సోలార్ ఉన్నవాళ్ళకి

పోయిన ఏడాది వేసవిలో పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు కరెంటోడివేగా! ఎండ మండిపోతుంటే మా సోలార్ మధ్యాహ్నం పూట పడుకుంటోందిరా. పెట్టినాయన ఇన్వర్టరే పోయిందంటున్నాడు, మార్చాలట."

"పిన్నీ, ఇప్పుడే ఏమీ మార్పించకు. డిస్‌ప్లే మీద ఏముందో ఫోటో తీసి బాబాయిని పంపమను."

ఫోటోలో 259 వోల్టులు. ఇన్వర్టర్‌కి ఏ జబ్బూ లేదు, వోల్టేజీ హద్దు దాటితే ఆగిపోవాలి కాబట్టి ఆగింది. ఐదు కిలోవాట్లు సింగిల్ ఫేజ్ మీద అంటే దాదాపు 22 ఆంపియర్లు. స్తంభం నుంచి ఇంటికి 60 మీటర్లు, పాత 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీస్ వైరు, పోనురాను 120 మీటర్లు. ఆ వైరు నిరోధం మీద 22 ఆంపియర్లు వెనక్కి తోస్తే 19 వోల్టులు లేస్తుంది. స్తంభం దగ్గర 240 ఉంటే ఇన్వర్టర్ దగ్గర 259.

10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే పెరుగుదల 8 వోల్టులకి దిగుతుంది. త్రీ ఫేజ్ కనెక్షన్, త్రీ ఫేజ్ ఇన్వర్టర్ అయితే ఆ పాత వైరు మందంతోనే మూడు వోల్టుల పైచిలుకే. చిన్న ఇంటి వ్యవస్థకి వైరు మార్చడం చవక, ఐదు కిలోవాట్లు దాటి పెట్టేవాళ్ళు మొదట్లోనే త్రీ ఫేజ్‌కి వెళ్ళడం తెలివి. ఇన్వర్టర్‌లో వోల్టేజీని బట్టి మెగావార్లు... కాదు, ఇక్కడ వార్లు మార్చే సెట్టింగ్ ఉంటుంది. వీధి వైర్లలో నిరోధమే ఎక్కువ కాబట్టి 400 కేవీలో పనిచేసినంత బాగా ఇక్కడ పనిచేయదు, కొంత సాయం చేస్తుంది. స్తంభం దగ్గరే 250 ఉంటే తప్పు మీ ఇంటిది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ దించమని సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. ఇన్వర్టర్ ట్రిప్ హద్దుని పెంచేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, మీ ఫ్రిజ్జు, పక్కింటివాళ్ళ టీవీ కూడా ఆ వోల్టేజీలోనే ఉంటాయి. పిన్ని వాళ్ళు వైరు మార్పించారు. ఇన్వర్టర్ అదే.

మళ్ళీ పెద్ద గ్రిడ్‌కి: నేనైతే ఏది తీసుకుంటాను

షార్ట్ సర్క్యూట్ రేషియో 5 పైన ఉండి, రోజంతా వోల్టేజీ ఎక్కి దిగుతుంటే, ఖరీదైన యంత్రమేదీ కొనను. ప్లాంట్లన్నిటినీ వోల్టేజీ కంట్రోల్‌లోకి తెచ్చి, రాత్రి కోసం బస్ రియాక్టర్ ఒకటి.

వ్యవసాయ లోడు ఎక్కువున్న చోట ఫాల్ట్ తర్వాత వోల్టేజీ లేవడం లేదంటే, అనుమానం మోటార్ల మీద పెట్టాలి. వోల్టేజీ పడగానే మోటార్లు మందగించి మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతాయి, అదే వోల్టేజీని లేవనివ్వదు. అక్కడ స్టాట్‌కామ్, అదీ సోలార్ పార్కు దగ్గర కాదు, ఆ లోడు దగ్గర.

లైన్ చివర వరసగా పార్కులు వచ్చి, ఒక లైన్ లేనప్పుడు రేషియో 3 లోపుకి పోతుంటే స్టాట్‌కామ్ ఆలోచన పక్కన పెడతాను. దగ్గర్లో కండెన్సర్‌గా తిరగగల హైడ్రో యూనిట్ ఉందా అని చూస్తాను. లేకపోతే, సాయంత్రం పవర్ కూడా కావాలంటే గ్రిడ్ ఫార్మింగ్ బ్యాటరీ. రిలేలు సరిగ్గా పనిచేయడం లేదన్నదే అసలు బాధైతే కండెన్సర్. వేల మెగావాట్ల చోట ఒకటే చాలదు, రెండూ కలిపి పెట్టుకోవాలి.

మన దగ్గర ఇప్పుడు బ్యాటరీ టెండర్లు వరసగా వస్తున్నాయి కాబట్టి వాటిని రాసేవాళ్ళకి ఒక మాట. టెండర్‌లో మెగావాట్లు, గంటలు, ధర రాసి ఊరుకోకండి. గ్రిడ్ ఫార్మింగ్ అన్న పదం ఒక్కటి చేర్చినా చాలదు, ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెప్పుకుంటారు. ఏ రేషియో దాకా స్థిరంగా ఉండాలో అంకె వేయండి. వోల్టేజీ కోణం ఒక్కసారి జరిగితే ఎన్ని మిల్లీసెకన్లలో ఎంత కరెంటు ఇవ్వాలో రాయండి. కరెంటు పరిమితి తగిలాక కూడా గ్రిడ్‌తో తాళం తప్పకూడదని, అది ఫ్యాక్టరీలోనూ సైట్‌లోనూ పరీక్షించి చూపించాలని రాయండి. అసలు కంట్రోల్ కోడ్‌తో చేసిన ఈఎంటీ మోడల్‌ని లోడ్ డిస్పాచ్ సెంటర్‌కి అప్పగించాలని, సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ కొత్త మోడల్ ఇవ్వాలని షరతు పెట్టండి. బ్యాటరీ వచ్చి కూర్చున్నాక ఇవి అడిగితే ప్రతిదానికీ కొత్త కొటేషన్ వస్తుంది.